ఆమినా బీ నోటి అచ్చు

పొద్దున్నే అద్దకం షెడ్డు తలుపు తీసి, కరక్కాయ నీళ్లలో తడిపి ఆరేసిన బట్టని బల్ల మీద పరిచాక ఆమినా బీ చేసే మొదటి పని నోట్లో తమలపాకు కుక్కుకోవడం. రుచి కోసం కాదు. నోరు ఖాళీగా ఉంటే మాట జారుతుందని. ఆమె తిట్టిన తిట్టు తగులుతుంది. బందరులో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. పోస్టుమాన్ ఏసుపాదాన్ని ఓసారి 'తాబేలు' అంది. ఆ వానాకాలమంతా అతను వీపున డిప్పతోనే ఉత్తరాలు పంచాడు. గొడుగు ఖర్చు తప్పిందని సంబరపడ్డాడు కూడా.

మొగుడు అల్లాబక్షుని 'బండరాయి' అంది. షెడ్డు వెనక కాలవ రేవులో రంగుబట్టలు బాదే రాయి ఆయనే. మొన్నటి ఉప్పెనకి షెడ్డు పైకప్పు ఎగిరి ఎక్కడ పడిందో ఎవరికీ తెలీదు, కాలవగట్టు సగం కొట్టుకుపోయింది, అల్లాబక్షు మాత్రం అంగుళం కదల్లేదు. మనిషిగా ఉన్నప్పుడు ఒక్కసారి ఇలా నిలబడి ఉంటే ఎంత బాగుండేది అనుకుంటూ ఆమినా బీ ఆయన మీదే బట్టలు ఉతికేది.

ఆ మాట ఊరికే అనలేదు. అల్లాబక్షు బట్టల మీద అద్దే చెక్క అచ్చులు చెక్కేవాడు. చూపు మందగించాక చెక్కింది మనవరాలు మజీదా, ఇంట్లో, తలుపేసుకుని. ఓ రోజు షెడ్డు యజమాని జగన్మోహనరావు నెమలి అచ్చు ఒకటి చేతిలోకి తీసుకుని "ఎవరు చెక్కారోయ్ దీన్ని" అని అడిగాడు. పిల్ల పక్కనే నిలబడి ఉంది. అల్లాబక్షు గోడవైపు చూశాడు.

ఇంటికొచ్చాక ఆమినా బీ "ఉలకవు, పలకవు, బండరాయివా నువ్వు" అంది. అంతే.

అప్పటినుంచి చెక్కుడు పీట ఖాళీ. మజీదాకి కావలసింది ఆ పీట. పీట మీద కూర్చున్నవాళ్లు అచ్చు మూల తమ గుర్తు వేసుకుంటారు. ఆ గుర్తు లేకపోతే ఎంత గొప్ప అచ్చయినా దిక్కులేనిదే. రంగునీళ్లలో బట్టలు ఉడకబెట్టీ ఉడకబెట్టీ మోచేతుల దాకా ఎర్రబడిన ఆ పిల్ల, ఇంటిదగ్గర మామిడి పిందె అచ్చొకటి చెక్కి, తొడిమ దగ్గర చీమతలంత 'మ' వేసుకుంది. తీసుకొచ్చి షెడ్డులో మిగతా అచ్చుల మధ్య పెట్టింది. ఎవరైనా చూసి అడుగుతారని.

చూసినవాడు పున్నారావు. యజమాని భార్యకి తమ్ముడు, గుడివాడ నుంచి చుట్టపుచూపుగా వచ్చి ఉండిపోయాడు. ఇస్త్రీ చొక్కా మడత నలగకుండా రోజంతా గడపడం అందరివల్లా కాదు, అతనికది పుట్టుకతో వచ్చిన విద్య. షెడ్డులో అతని పనల్లా పనివాళ్ల టిఫిన్ గిన్నెల మూతలు తీసి చూడటం, ఆరేసిన బట్ట మీద ఒరగడం, ఎక్కువ అలిసిపోతే నిద్రపోవడం.

ఆ రోజుల్లోనే రిటైరైన తెలుగు మాస్టారు సీతారామయ్య 'అచ్చు' అనే మాట వెంట పడ్డాడు. ఊళ్లో సాహితీ సంఘం సంచికకి వ్యాసం రాయాలి. సైకిలేసుకుని పెడన వెళ్తే నేతగాడు మగ్గం మీద పడుగు పోగుల్ని విడదీసే దువ్వెనలాంటిదాన్ని చూపించి "ఇదండీ అచ్చు" అన్నాడు. చిలకలపూడిలో గిల్టునగల వాళ్లు రేకుని పెట్టి కొట్టే ఇనప దిమ్మె చూపించారు. ప్రెస్సులో సీసం అక్షరాలు. కిరాణా కొట్లో బెల్లం. ప్రతిచోటా తల ఊపి, బయటికొచ్చి "కూలి మాటలు" అని ఉమ్మేసేవాడు.

షెడ్డుకీ వచ్చాడు. కుర్చీ లేదని మొహం చిట్లించి, బోర్లించిన గంగాళం మీద కూర్చున్నాడు.

"ఇక్కడ అచ్చంటే ఏమిటమ్మాయ్?"

"ఇదేనండి" అని మజీదా చేతిలోది చూపించింది.

"అది చెక్క."

"చెక్కితే అచ్చండి."

"అసలు అచ్చంటే అ, ఆ, ఇ, ఈ. వాటిని ప్రాణాలంటాం. హల్లు ఒట్టి కట్టె, అచ్చు కలిస్తేనే నోటికి పలుకుతుంది. అంతటి మాటని తీసుకెళ్లి చెక్కలకీ బెల్లానికీ కూలికి తోలారు మీరంతా."

బట్టల మూట మీద పడుకున్న పున్నారావు కళ్లు తెరిచాడు. "నన్ను కూడా ఊళ్లో ఏదో అంటారు మాస్టారూ. అందులోనూ అచ్చుంది. రాసుకోండి."

"అది నింద. వ్యాసంలోకి రాదు."

అనేది అచ్చోసిన ఆంబోతని. పెద్దమనిషి ఎవరైనా పోతే ఆయన పేరున ఓ కోడెకి తొడ మీద అచ్చు కాల్చి ఊరి మీద వదులుతారు. దాన్నిక కాడికి కట్టరు, ఎవరి చేలో పడి మేసినా అదిలించరు. పున్నారావుకి ఆ గౌరవం అచ్చు వెయ్యకుండానే దక్కింది.

ఆమినా బీ అంతా వింటూ ఆకు నములుతూనే ఉంది.

బెజవాడ నుంచి ఎగుమతి కంపెనీ మనిషి వస్తున్నాడని తెలిసిన రోజు జగన్మోహనరావు షెడ్డు కడిగించాడు. వచ్చినాయన అచ్చులన్నీ తిరగేసి, మామిడి పిందె దగ్గర ఆగాడు.

"ఇది చెక్కినవాళ్లెవరండీ? వాళ్ల చేతి పని ఎంతున్నా తీసుకుంటాం."

"మా బావమరిది" అన్నాడు జగన్మోహనరావు. పొద్దున ఇడ్లీలు తింటూ పున్నారావు తనతో చెప్పిన మాట అది. "పీట కూడా అతనికే ఇస్తున్నాను."

"నేను చెక్కానండి" అంది మజీదా.

ఎవరూ ఆ వైపు తిరగలేదు. "ఒకటి అద్ది చూపించండి" అన్నాడు కంపెనీ మనిషి. చూపించాల్సిందీ మజీదానే. అచ్చుని కసీమి నల్లరంగులో ముంచి, బట్ట మీద పెట్టి, పిడికిలితో గుద్ది తీసింది. పిందె ఈనెతో సహా పడింది. తొడిమ దగ్గర మాత్రం ఆమె వేసుకున్న 'మ' లేదు. అక్కడ గీకేసి, లోతుగా ఇంకేదో చెక్కి ఉంది.

"అదేమిటి?" అన్నాడు జగన్మోహనరావు.

"నా గుర్తు బావా. పు."

"తిరగబడి ఉందే."

అచ్చు మీద అక్షరం తిప్పి చెక్కితేనే బట్ట మీద తిన్నగా పడుతుందని, ఒక్క అచ్చు చెక్కినవాడికైనా తెలుస్తుంది. పున్నారావు పలక మీద దిద్దినట్టు తిన్నగా చెక్కుకున్నాడు. జగన్మోహనరావుకి అర్థమైంది. కంపెనీ మనిషికీ అర్థమైంది, ఆయన వాచీ చూసుకున్నాడు. అర్థమవడం వేరు, పట్టించుకోవడం వేరు.

"ఎగుమతి సరుకు. అక్కడ తెలుగు చదివేదెవరు, ఎటు తిప్పినా ఒకటే" అన్నాడు జగన్మోహనరావు.

"అచ్చుతప్పు అంటారు దీన్ని. సంచికల్లో మామూలే" అన్నాడు సీతారామయ్య. ఆయన కాఫీ కోసం వచ్చాడు.

"నువ్వు బాగా ఉడకబెడతావమ్మా మజీదా. ఎవరి పని వాళ్లకి అచ్చొస్తుంది. సోమవారం నుంచి వీడు పీట మీద కూర్చుంటాడు" అన్నాడు జగన్మోహనరావు.

మజీదా అచ్చుని కడిగి పక్కన పెట్టింది. కడిగినదాన్నే మళ్లీ తీసి కడిగింది. ఆమినా బీ లేచి, గుమ్మం దాకా వెళ్లి, నోట్లో ఆకు మొత్తం ఊసేసి వచ్చింది. కోపం లేదు, గొంతు పెంచలేదు. పున్నారావు మొహంలోకి చూసి, పేరు పెట్టి పిలిచినంత మామూలుగా "అచ్చోసిన ఆంబోతా" అంది.

అందరూ ఎదురు చూశారు. కంపెనీ మనిషి బ్యాగు ముందుకు పట్టుకున్నాడు. పున్నారావు నెత్తి తడుముకున్నాడు, కొమ్ములు లేవు. వెనక తడుముకున్నాడు, తోకా లేదు.

"నడుము కింద ఏదో తడిగా ఉంది బావా, అంతే" అని నవ్వాడు. "ముసలిదాని నోరు మొద్దుబారిపోయింది."

మజీదా నవ్వలేదు. పంచె మీద ఆ తడి అంచు చూసింది. రంగు లేదు, కాస్త జిగట. పటిక నీళ్లు. పటికతో అద్దింది అప్పటికప్పుడు కనపడదు, ఉడికితేనే ఎరుపెక్కుతుంది. ఆమెని ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

మర్నాడు పున్నారావు సలసల కాగే నీళ్లు పోసుకున్నాడు. నడుము దగ్గర్నుంచి మోకాళ్ల దాకా మామిడి పిందెలు వరసగా లేచాయి, చివర్లు ఒకదానితో ఒకటి చక్కగా కలిసి, ఎర్రగా. ప్రతి తొడిమ దగ్గరా చీమతలంత 'మ', తిన్నగా. వాళ్లక్క చూసి, "రంగు దిగుతుందేమో, ఆ తువ్వాలు విడిగా పడెయ్" అంది.

షెడ్డులో జగన్మోహనరావు పంచె ఎత్తించి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ రోజూ కాఫీకి వచ్చిన సీతారామయ్య చెయ్యి పట్టుకున్నాడు పున్నారావు.

"మాస్టారూ, మీరు చెప్పండి. మ అంటే హల్లు కదా. నాకు పడింది హల్లు. అచ్చు పడలేదు."

సీతారామయ్య కళ్లజోడు తుడుచుకుని వంగాడు. ఇలాంటి సభ ఆయనకి ఎప్పుడూ దొరకలేదు.

"పొల్లు లేదు నాయనా. మ్ అయితే హల్లే. ఇది మ. అందులో అకారం ఉంది. అచ్చు పడ్డట్టే."

"ఇక నిన్ను పనికి కూర్చోబెట్టకూడదురా" అన్నాడు జగన్మోహనరావు. పనితనం చూసి కాదు, భయంతో. "అచ్చోసినదాన్ని కాడికి కడితే నా ఇల్లు పచ్చగా ఉండదు. మా నాన్నగారి పేరున వదిలింది ఊళ్లో ఇంకా తిరుగుతోంది. ఎదురొస్తే నేనే పక్కకి తప్పుకుంటాను. నువ్వు వెళ్లు. ఎక్కడ ఏం తిన్నా నిన్నెవరూ ఏమీ అనరు."

పున్నారావు బాధపడ్డాడని ఎవరైనా అనుకుంటే వాళ్లకి అతను తెలీదన్నమాట. చల్లపల్లి హోటల్లో ఇడ్లీ తిని లేచిపోతాడు, అవనిగడ్డ బస్సులో టిక్కెట్టు అడగరు, హంసలదీవి దాకా ఏ కళ్లంలోనైనా నడుం వాలుస్తాడు. ఇదివరకు చేసిందీ ఇదే, ఇప్పుడు హక్కుగా చేస్తున్నాడు. కాలవలో స్నానానికి దిగితే ఆడవాళ్లు తలతిప్పుకుంటూనే ఆ అద్దకం ఎవరిదని అడుగుతారు. మజీదా అచ్చు, బందరు, అని చెప్తాడు. అబద్ధం ఆడేంత ఓపిక కూడా లేదతనికి.

న్యాయం జరిగిందని షెడ్డులో ఎవరూ అనలేదు. జగన్మోహనరావు ఎటో చూస్తూ మజీదాతో అన్నది ఇంతే: "ఆ మ ఎవరిదో నాకు తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. పీట ఖాళీగా ఉంచితే కంపెనీ వాళ్లు ఊరుకోరు. కూర్చో." సీతారామయ్య వ్యాసం కూడా వచ్చింది. అందులో అ నుంచి ఔ దాకా మాత్రమే ఉన్నాయి.

మజీదా పీట మీద కూర్చుంది. కూర్చున్నది మొదలు లేవలేదు. మధ్యాహ్నం ఆమినా బీ టీ తెచ్చి పక్కన పెట్టింది.

"చల్లారిపోతోందే."

జవాబు లేదు. చుబుకం గుండెకి ఆనించుకుని, పెదాలు బిగించి, వంగిన వీపుతో ఉలి ఆడిస్తోంది పిల్ల. ముసలామె నిలబడి చూసింది. అదే వంపు, అదే మెడ. ఎన్నాళ్లకో ఆమె మొహం మెత్తబడింది, ఆకు బుగ్గనుంచి జారింది.

"ఉలకదు, పలకదు. అచ్చు మీ తా..."

ఉలి కింద పడింది. మజీదా ఒక్క ఉదుటున లేచి, చెక్కపొట్టు అంటిన అరచెయ్యి అమ్మమ్మ నోటికి అడ్డం పెట్టింది. వెనక కాలవ రేవులో ఎవరో అల్లాబక్షు మీద బట్టలు బాదుతున్నారు. ఆ చెయ్యి తియ్యకుండానే రెండో చేత్తో ఆమె బొడ్లో సంచి తడిమి, తమలపాకు ఒకటి తీసి, మడిచి, మెల్లిగా నోట్లో పెట్టింది.

"నములు నానీ" అంది.