జైరో మీద గోళ్లరంగు చుక్క

ఫోన్ మోగినప్పుడు ఆమె నేల మీద బోర్లా పడుకుని, సోఫా కింద దూరిన రిమోట్ కారును చీపురుకట్టతో బయటికి లాగుతోంది.

"జంట డ్రిఫ్టింగ్‌లో ఒక జట్టు తప్పుకుందమ్మా. ఆ చోటు మీ ఇద్దరికీ ఇచ్చేస్తున్నా. ఆదివారం పోటీ. ముందు కారు నీది, వెనక కారు మీ ఆయనది. వస్తారో రారో శుక్రవారం సాయంత్రానికల్లా చెప్పు" అన్నాడు రిమోట్ కార్ల క్లబ్బు పెద్దాయన.

ఆమె చీపురుకట్టతోనే హాలంతా ఒక చుట్టు చుట్టింది. పెళ్లి ఫొటోలింకా ఆల్బమ్ ఎక్కనేలేదు, అప్పుడే జంటగా పిలుపు. ఆఫీసు నుంచి వచ్చిన భర్త గుమ్మంలోనే ఆ మాట విని, "ముందు నువ్వు, వెనక నేను. కొత్తేముంది, పెళ్లిచూపుల నాటి నుంచీ అదే వరస" అన్నాడు.

ఆ ఆనందం ఆ పూట కూడా నిలవలేదు. డ్రిఫ్టింగ్ అంటే కారు మూతి ఒకవైపు ఉంటే నడక మరోవైపు ఉండాలి. తోక పక్కకు జారాలి గాని గిరికీ కొట్టకూడదు. ఆమె కారేమో, ఇంటిల్లిపాది చెప్పులూ వరసగా పేర్చి చేసిన మలుపు దగ్గరికి రాగానే గిర్రున తిరిగి, వచ్చిన దారికేసి చూస్తూ ఆగిపోయేది.

"వదినా, నీ కారుకి పుట్టింటి మీద బెంగ. ఎంత తోలినా వెనక్కే చూస్తోంది" అంది సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చున్న ఆడపడుచు.

"ఆడపడుచు పోరు పడలేక."

నవ్వులాటగానే అన్నా, ఆమెకు లోలోపల ఉడుకుమోతుతనం మొదలైంది. కారులో జైరో అని అగ్గిపెట్టెలో సగం ఉండే డబ్బా ఒకటి ఉంటుంది. తోక ఊగితే ముందు చక్రాలను అదే సర్దుతుంది. ఎంత గట్టిగా సర్దాలన్నది దాని మీదున్న చిన్న స్క్రూలో ఉంది. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆమె దాన్ని కొంచెం పెంచింది. కారు బుద్ధిగా మలుపు తిరిగింది. సాయంత్రం భర్త ముందు నడిపితే మళ్లీ గిరికీ. మర్నాడు ఇంకొంచెం పెంచింది. సాయంత్రానికి అదే కథ. చక్రాలు తుడిచింది, స్ప్రింగులు మార్చింది, బ్యాటరీని ముందుకు జరిపింది, వెనక్కి జరిపింది. మధ్యాహ్నం సీతలా ఉండే కారు సాయంత్రానికి శూర్పణఖ అయ్యేది.

"చెయ్యి అలవాటవుతుందిలే" అనేవాడు భర్త. ఆ ఓదార్పు వింటే ఆమెకు ఒళ్లు మండిపోయేది. తిట్టినా బాగుండు.

శుక్రవారం మధ్యాహ్నం స్క్రూ సరిగ్గా కుదిరాక, దాని అంచు మీదా డబ్బా మీదా కలిసేలా ఎర్ర గోళ్లరంగుతో ఒక చుక్క పెట్టింది. సాయంత్రం వాళ్లిద్దరి ముందూ నడిపింది. కారు గిర్రున తిరిగి భర్త చెప్పులో మూతి పెట్టింది.

ఆమె ఫోన్ అందుకుంది. రాలేమని పెద్దాయనకు చెప్పేస్తే పీడా వదులుతుంది. నంబరు నొక్కబోతూ, మనసొప్పక, చివరిసారిగా కారు పైకప్పు ఊడదీసింది. చుక్క రెండు ముక్కలైంది. సగం డబ్బా మీద, సగం స్క్రూతో పాటు పక్కకు పోయి ఉంది.

"నువ్వేనా?" అంది ఆడపడుచుతో.

"నేనా? దానికి తల ఏదో తోక ఏదో కూడా నాకు తెలీదు వదినా."

"నేనే" అన్నాడు భర్త, గొంతు సవరించుకుని.

"ఎప్పుడు?"

"రోజూ. సాయంత్రం నువ్వు స్నానానికెళ్లినప్పుడు నడిపి చూసేవాణ్ని. జైరో మరీ ఎక్కువై కారు తోక చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. అందుకని తగ్గించేవాణ్ని. పొద్దస్తమానం అదురుడికి స్క్రూ దానంతటదే తిరుగుతోందనుకున్నా. రేపు అతికించేద్దామని జిగురు కూడా తెచ్చా."

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "దానంతటదే కాదు. నేనే పెంచుతున్నా. రోజూ, మధ్యాహ్నం."

"మరి చెప్పలేదేం?"

"స్క్రూ పెంచితే గాని నడపలేనని తెలిస్తే మీరు నవ్వుతారని. మీరెందుకు చెప్పలేదు?"

"చెబితే చిన్నబుచ్చుకుంటావని."

"బాగుంది సంబడం" అంది ఆడపడుచు. "ఒకరికి ఒకరు మర్యాద చేసుకుని కారు ప్రాణం తీశారు."

ఆమెకింకా కోపం పోలేదు. వారమంతా తన చేతుల్నే తిట్టుకుంది మరి. అయినా ఆయన జేబులోంచి తీసిన ఆ బుల్లి జిగురు ట్యూబు చూడగానే పెదవి చివర నవ్వు ఆగలేదు. ఫోన్ ఎత్తి, "వస్తున్నామండీ, ఇద్దరం" అని పెద్దాయనకు చెప్పింది. తర్వాత స్క్రూడ్రైవర్ తీసుకెళ్లి ఆడపడుచు చేతిలో పెట్టింది.

"ఇది నీ దగ్గరుంచు. రేపు పొద్దున్నే సోఫా వరండాలోకి జరిపేద్దాం. నేను నడుపుతా, కారు ఏం చేస్తోందో పైకి చెబుతా. మీ అన్నయ్య చూస్తూ, ఆయనకి ఏమనిపిస్తోందో పైకి చెబుతారు. ఇద్దరం ఒకే మాట అన్నప్పుడే నువ్వు స్క్రూ తిప్పు. అప్పటిదాకా నేను స్నానానికి కూడా వెళ్లను."