పరుగు మూసే మనిషి

ముందు ఎడమ బూటు తాడు కట్టుకోవడం ఆమె అలవాటు. ఎడమకాలు కుడికాలికంటే పిసరంత పెద్దది; దాన్ని ముందు బుజ్జగిస్తే కుడిది తన దారిన తానే వస్తుందని ఆమె నమ్మకం. గడప మీద కూర్చుని తాడు బిగించి, మళ్ళీ వేలు దూర్చి కాస్త వదులు చేసింది. బూట్లు పాతవి. మడమ దగ్గర చిరిగితే, తను పనిచేసే లాండ్రీలో పారేసిన దుప్పటి అంచు కత్తిరించి తనే కుట్టుకుంది. కుట్టు కనపడకూడదని నల్లదారం వాడింది. ఇప్పుడు బూటు రంగు వెలిసిపోయి ఆ కుట్టే ముందు కనపడుతోంది.

లోపల మంచం కిర్రుమంది.

"బయల్దేరావా?" అంది అత్తగారు.

"బయల్దేరానత్తయ్యా. మంచినీళ్ళు పక్కనే పెట్టాను."

"కుక్క తరిమిందా, పోలీసు తరిమాడా? ఎవరూ తరమకుండా పరిగెత్తే మనిషిని నా ఇంట్లోనే చూశాను."

"మీరు తరుముతున్నారుగా రోజూ."

"నేను తరిమితే పోయేదానివైతే ఎప్పుడో పోయేదానివి. తలుపు దగ్గరగా వెయ్యి, చలి."

భర్త పోయి చాలా కాలమైంది. పోతూ పోతూ ఆయన రాసిచ్చిన ఆస్తి ఈ అత్తగారొక్కరే. మొదట్లో ఇద్దరికీ పడేది కాదు. ఇప్పుడు ఆ పడకపోవడమే అలవాటైపోయింది. ఒకపూట ఆ ముసలామె నోట మాట పడకపోతే ఈమెకు ముద్ద దిగదు.

పార్కు గేటు దగ్గర రోజూ కలిసి పరిగెత్తేవాళ్ళంతా అప్పటికే చేరారు. బ్యాంకులో పనిచేసే ఆయన నడుముకి చేతులు పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. మనిషి సన్నగా వెదురుబద్దలా ఉంటాడు. బూట్ల సంగతి ఎవరికి కావాలన్నా ఆయన్నే అడగాలి, అడగకపోయినా చెబుతాడు. బళ్ళో పాఠాలు చెప్పే టీచరమ్మ చెవుల మీదుగా కండువా చుట్టుకుని గెంతుతోంది. ఆమె గొంతు పార్కు పక్క కాలవ అవతలి ఒడ్డుకి వినపడుతుంది. "శభాష్! ఇంకొంచెమే! ఇంకొంచెమే!" అని ఆమె అరిచిన ప్రతిసారీ ఇంకా సగం దారి మిగిలే ఉంటుంది. ఇంకా నలుగురైదుగురు, ఎవరి దగ్గు వాళ్ళు దగ్గుకుంటూ ఉన్నారు.

"తోకక్క వచ్చింది, ఇక కదలండి," అన్నాడు బ్యాంకాయన.

తోకక్క అనేది వాళ్ళు పెట్టిన పేరే. రోజూ అందరికంటే వెనక వచ్చేది ఆమె కాబట్టి తోక. వయసులో పెద్దది కాబట్టి అక్క. ఆమె ఎన్నడూ నొచ్చుకోలేదు. తోక లేకపోతే ఆవుకి ఈగల్ని ఎవరు తోలుతారని నవ్వేది.

వీళ్ళకొక పద్ధతి ఉంది. గేటు దగ్గర బయల్దేరి, కాలవగట్టు మీదుగా పాత వంతెన దాకా పోయి, మళ్ళీ గేటుకే రావాలి. వచ్చినవాళ్ళు గేటు ఇనుప కమ్మీని అరచేత్తో తట్టాలి. ఆఖరి మనిషి వచ్చి తట్టి "మూశాను" అనేదాకా పరుగు అయినట్టు కాదు. అప్పటిదాకా ఒక్కరూ మంచినీళ్ళు ముట్టరు, నిలబడి చప్పట్లు కొడతారు. ప్రేమతోనే కొడతారు, అందులో అనుమానం లేదు. కానీ ఒంటరిగా ఆఖర్న వచ్చే మనిషికి ఆ చప్పట్లు ఎలా వినపడతాయో ముందే వచ్చి నిలబడ్డవాళ్ళకి ఏం తెలుసు?

ఆమెకు తెలుసు. ఇంటికి పెద్దపిల్లగా పుట్టి, తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ తిన్నాక గిన్నె అడుగు మాడుతో పెరిగిన మనిషి. ఆఖర్న ఉండటం ఆమెకు కొత్త కాదు, అందులో ఆమెకు కష్టమూ లేదు. కానీ డ్రైవర్ బాబాయ్‌కి ఉంది.

డ్రైవర్ బాబాయ్ గేటు పక్క అరుగు మీద కూర్చుని కాళ్ళకేసి చూసుకుంటున్నాడు. గుండ్రటి మనిషి, గుండ్రటి ముఖం. జన్మంతా బస్సు నడిపి నడిపి, ఇప్పుడు నడుస్తున్నా చేతులు స్టీరింగు పట్టుకున్నట్టే ఉంటాయి. కాళ్ళకి కొత్త బూట్లు. తెల్లగా, ఇప్పుడే పాలల్లోంచి తీసినట్టున్నాయి.

ఆ బూట్లు అందరూ కలిసి కొనిపించినవే. కొన్నాళ్ళుగా ఆయనకి పరుగులో ఆయాసం వస్తోంది. ఎడమ భుజం లాగుతోందన్నాడు. ఒకరోజు దవడ బరువుగా ఉందన్నాడు. వీళ్ళ సంగతేమిటంటే, మోకాలు నొప్పంటే బూటు మడమ అరిగిందంటారు, నడుం నొప్పంటే అడుగు గట్టిగా ఉందంటారు. పన్ను నొప్పి అని ఏడ్చినా బూటు సైజు అడుగుతారు. బ్యాంకాయన బాబాయ్ పాత బూట్లు రెండూ చేత్తో తూచి చూసి, "ఇవి బూట్లా, ఇటుకలా? వీటిని మోస్తే భుజమేం ఖర్మ, భూమే లాగుతుంది," అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, "మార్చెయ్యండి బాబాయ్," అంది.

"ఎలా ఉన్నాయమ్మాయ్?" అన్నాడు బాబాయ్ పాదం ఎత్తి చూపిస్తూ.

"పెళ్ళికొడుకులా ఉన్నారు."

"మీ పిన్ని కూడా అదే అంది. ఈ వయసులో ఎవత్తెని చూసి కొన్నావంది." నవ్వాడు. నవ్వు సగంలో ఆపి ఊపిరి తీసుకున్నాడు. "ఇవాళ చూడు, నిన్ను ఎంత దూరం వెనకేస్తానో."

"అదీ చూస్తాను."

ఈ వెనకెయ్యడం వెనక ఒక పాత కథ ఉంది. వయసులో ఉన్నప్పుడు, భర్త మంచాన పడ్డ రోజుల్లో, ఆయనకి ఒళ్ళు తుడిచి, అత్తగారికి అన్నం పెట్టి ఆమె లాండ్రీకి పోవాలి. రోజూ ఆలస్యమే. సందు మలుపు తిరిగేసరికి బస్సు కదిలిపోతూ ఉండేది. చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తేది. బస్సు నడిపే ఆయన పక్కనున్న అద్దంలో చూసి మెల్లగా చేసేవాడు. లోపల జనం కేకలు. ఏమయ్యా, మా ఆలస్యం సంగతేంటని ఒకడు, నీ చుట్టమా అని ఇంకొకడు. ఆయన మాత్రం, "వస్తోంది, ఆ పిల్ల వస్తోంది, ఉండండి," అనేవాడు. ఎక్కాక ఆమె వైపు తిరిగి చూసేవాడు కాదు. ఆమె కూడా ఎన్నడూ ఒక మాట అనలేదు. ఊపిరి ఉంటేగా అనడానికి! ఆయన ఉద్యోగం అయిపోయాక వచ్చిన కుర్ర డ్రైవరు అదే అద్దంలో జుట్టు దువ్వుకునేవాడు. అప్పుడు తెలిసింది ఆమెకు, అద్దంలో తనను చూడటం బస్సు పని కాదని, ఆ మనిషి పనని.

ఏళ్ళు గడిచాక ఒక ఉదయం పనికి పోతూ ఆయన్ని ఈ గేటు దగ్గర చూసింది. అందరూ వచ్చేసి చప్పట్లు కొడుతున్నారు. ఆయన ఒక్కడూ రొప్పుతూ, చేతిలోంచి ఏదో పడిపోతే ఎవరూ చూడలేదు కదా అన్నట్టు నవ్వుతూ వస్తున్నాడు. ఆ నవ్వు ఆమెకు రోజంతా ఇస్త్రీ బల్ల మీద కనపడుతూనే ఉంది. మర్నాడు పనికి వేసుకునే చెప్పులతోనే వచ్చి, నేనూ పరిగెడతానంది. ఆయన వెనకే పరిగెత్తింది. ఆ రోజునుంచి ఆయన ఎన్నడూ ఆఖర్న గేటు తట్టలేదు.

బయల్దేరారు. "శభాష్! ఇంకొంచెమే!" అంది టీచరమ్మ, గేటు దాటకుండానే.

కాలవగట్టు మీద మంచు తెరలా ఉంది. ముందరివాళ్ళు అందులో కలిసిపోయారు. బాబాయ్ ముందు, ఆమె వెనక. రోజూ ఆయన్ని ఆమె కళ్ళతో కాదు, చెవులతో కనిపెట్టుకుని ఉండేది. పాత బూట్లు దబ్ దబ్ మని చప్పుడు చేసేవి. అలసిపోతే కుడి అడుగు ఈడ్చేవాడు, మట్టి మీద జర్రుమనేది. అది వినపడగానే ఆమె, "బాబాయ్, నాకు పక్కలో పొడుస్తోంది, కాస్త నడుద్దాం," అనేది. ఆమె పక్కలో పొడిచినన్నిసార్లు ఇంకెవరికీ పొడిచి ఉండదు.

ఇవాళ కొత్త బూట్లు. పిల్లి నడిచినట్టు చప్పుడే లేదు. బాగానే పోతున్నాడనుకుంది. మంచి బూట్లే కొనిపించామనుకుంది.

పాత వంతెన చుట్టి తిరిగాక, తూము పక్కన రాతిదిమ్మె మీద ఆయన కూర్చుండిపోయాడు.

"బూటు కరుస్తోందమ్మాయ్," అన్నాడు.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని తాళ్ళు వదులు చేసింది. ఒక బూటు తీసింది, రెండోదీ తీసింది. మేజోళ్ళు లాగి వేలి మొదళ్ళూ మడమా తడిమి చూసింది. బొబ్బ లేదు. ఎర్రగా కందను కూడా కందలేదు. పాదం చల్లగా, చెమటతో జారిపోతోంది. ఇంత చలిలో చెమటేమిటనుకుని తలెత్తి చూసింది. ఆయన ముఖం ఉతికిన దుప్పటి రంగులో ఉంది.

"బాబాయ్, ఇది బూటు కాదు."

"కాదులే," అన్నాడు మెల్లగా. చెయ్యి రొమ్ము మీద పెట్టుకున్నాడు. "ఎవర్నన్నా పిలు."

గట్టు మీద మనిషి జాడ లేదు. గేటు చాలా దూరం.

"మిమ్మల్ని ఇలా వదిలేసి ఎలా పోను?"

"మెల్లగా పోకు మరి." ఆయన పెదవులు కొద్దిగా కదిలాయి. నవ్వేనేమో. "నాకు తెలియదనుకున్నావా? బస్సు వెనకాల ఎలా పరిగెత్తేదానివో అద్దంలో రోజూ చూసినవాణ్ణి. ఇన్నాళ్ళూ నా వెనక ఈడ్చుకుంటూ వచ్చావు. చాల్లే. పరిగెత్తు."

"బాబాయ్..."

"చూస్తుంటాలే ఇక్కడినుంచి. పో, బస్సు కదిలిపోతోంది."

ఆమె పరిగెత్తింది. తోకక్క పరిగెత్తడం ఆ కాలవగట్టు అంతకుముందు చూడలేదు. చేతులు ఊగలేదు, పక్కలో పొడవలేదు, పక్షి నీళ్ళ మీద తేలి పోయినట్టు పోయింది. గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు మంచులోంచి దూసుకొస్తున్న మనిషిని చూసి ఎవరో కొత్తవాళ్ళనుకున్నారు. ఆమెను గుర్తుపట్టాక టీచరమ్మ నోటికి శభాష్ రాలేదు. బ్యాంకాయన ఫోను తీశాడు. మిగతావాళ్ళు ఆమె వెంట వెనక్కి పరిగెత్తారు.

ఆసుపత్రి బండి గట్టు మీదకే వచ్చింది. బాబాయ్ దిమ్మెకి ఆనుకుని, గేటువైపే ముఖం పెట్టి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాడు, ఆమెను చూసి రెప్ప వేశాడు. ఆయన్ని ఉత్త కాళ్ళతోనే ఎత్తుకుని బండిలో పడుకోబెట్టారు. టీచరమ్మ కూడా ఎక్కింది.

"మీరు పనికి వెళ్ళండక్కా," అన్నాడు బ్యాంకాయన. "టైముకే పట్టుకున్నాం. ఏం కాదు. ఏం కాదు."

లాండ్రీలో దుప్పట్లు కొండలా ఉన్నాయి. ఆ లాండ్రీకి వచ్చేవి ఎక్కువ ఆసుపత్రి బట్టలే. ఆమె నీళ్ళు చిలకరించి, ఇస్త్రీ పెట్టె ఆనించి, అంచునుంచి అంచుకి తోసింది. ఆవిరి ముఖానికి కొట్టింది. ఎన్నేళ్ళనుంచో ఇదే బల్ల, ఇదే ఆవిరి. బల్ల ముందు ఆమె నిలబడే చోట నేల చిన్న పళ్ళెంలా గుంట పడింది. ఇవాళ ప్రతి దుప్పటీ రెండోసారి తిప్పి ముడత ఉందేమో చూసింది. వీటిలో ఏది ఆయన కింద పరుస్తారో ఏం తెలుసు? ముడత ఉంటే వీపుకి గుచ్చుకుంటుంది.

"ఏంటి ఇవాళ అంత మెల్లగా?" అంది పక్క బల్ల ఆవిడ.

"మెల్లగానే మంచిదిలే."

ఎండ వాలుతున్న వేళ టీచరమ్మ లాండ్రీ గుమ్మంలో నిలబడింది. చెవుల మీది కండువా ఇంకా అలాగే ఉంది. ఎప్పుడూ ఊరంతా వినపడేలా మాట్లాడే మనిషి గుమ్మం పట్టుకుని, "అక్కా," అంది.

ఆమె చేతిలో ఉన్న దుప్పటి సగం అయింది. మిగతా సగం కూడా చేసింది. నాలుగు మడతలు పెట్టి, దొంతర మీద ఉంచి, ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది.

"ఎప్పుడు?"

"మధ్యాహ్నం. నిద్రలోనే." టీచరమ్మ ముక్కు తుడుచుకుంది. "బండిలో ఒకటే మాటన్నారక్కా. చూశారా మీరు, ఎలా పరిగెత్తిందో అని. మా పిల్లే అన్నట్టు చెప్పారు." కండువా విప్పి చేత్తో పట్టుకుని, "పిన్నిగారు బూట్లు అడిగారు. కొత్తవి కదా, ఎక్కడున్నాయని. నాకేం చెప్పాలో తెలియలేదు," అంది.

"నేను తెస్తాను."

గట్టు మీద ఎండ పలచబడింది. ఆమె పరిగెత్తలేదు, నడిచింది. బూట్లు దిమ్మె పక్కన తాను పెట్టినచోటే ఉన్నాయి, రెండూ జంటగా, ముందు భాగాలు గేటువైపు తిరిగి. ఎవరూ ముట్టుకోలేదు. మేజోళ్ళు లోపలికి దోపి, బూట్లు చంకలో పెట్టుకుంది. అత్తగారు దీపం పెట్టమని అరుస్తూ ఉంటుందనుకుంది. పిన్ని గుమ్మంలో ఎలా నిలబడాలో అనుకుంది. బూట్లు నిజంగానే తేలిక, చంకలో ఉన్నట్టే లేవు. బ్యాంకాయన అబద్ధం చెప్పలేదు.

గేటు దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు. అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున వచ్చినవాళ్ళంతా గేటు తట్టారు. తను వచ్చింది గానీ తట్టలేదు. ఆయన తట్టలేదు. ఇవాళ్టి పరుగు ఎవరూ మూయలేదు.

ఒక బూటు చేతిలోకి తీసుకుని, దాని ముందు భాగంతో ఇనుప కమ్మీని మెల్లగా తట్టింది. కాసేపాగింది, రోజూ ఆయన తట్టాక తను తట్టేదాకా ఆగేటంత. ఆ తర్వాత తన అరచెయ్యి కమ్మీకి ఆనించింది.

"మూశాను బాబాయ్," అంది.

తట్టిన బూటును జంట బూటు పక్కన, గేటు అరుగు మీద పెట్టి పక్కనే కూర్చుంది. తెల్లటి బూట్లు. అడుగున గట్టు మట్టి ఒక పక్కకే అంటుకుని ఉంది. పొద్దున తను వేలు దూర్చి వదులు చేసిన తాళ్ళు, ఎవరో ఇప్పుడే కాలు పెడతారన్నట్టు, ఇంకా అలాగే వదులుగా ఉన్నాయి.