తడిగుడ్డ నాడి

ఆమె పడిపోయి నలభై నిమిషాలైనా గోడ మీది బోర్డులో ముప్పై ఒకటో నంబరు పచ్చగానే వెలుగుతోంది. ఇది నేను కళ్ళారా చూశాను. మీరు కాలేజీ పిల్లలు, రాసుకుంటారో మానుకుంటారో మీ ఇష్టం. నేను మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను. నా తప్పు కూడా చెబుతాను.

మాది ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే కంపెనీ. యాభై మూడు మందిమి. నాది ఇస్త్రీ మిషను, నవ్వులక్కది ఆరబెట్టే మిషను. ఆమె పేరు చాలామందికి తెలియదు. ఆ ఉక్కలో, ఆ కంపులో నవ్వేది ఆమె ఒక్కతే కాబట్టి నవ్వులక్క అయింది.

ఏడాది కిందట కంపెనీ మా అందరి చేతులకూ వాచీలు తగిలించింది. "మీ ఆరోగ్యం కోసమే" అన్నాడు సూపర్‌వైజర్. ఏం ఆరోగ్యమో! చెయ్యి ఒక్క నిమిషం ఆగితే గుర్రుమంటుంది. నాడి అందకపోతే తెర మీద 'మనిషి లేరు' అని పడుతుంది. బోర్డులో మన నంబరు ఎర్రబడుతుంది. ఎదురుగా నిలబడి ఉన్నా సరే, ఆ పూటకి మనం లేనట్టే. పైన రబ్బరు గ్లవుజు, లోపల ఆవిరీ సబ్బునీళ్ళూ, వాటి మధ్య సలసలా వేడెక్కే వాచీ. మొదటి వారం దురద. తర్వాత పొక్కులు. నెల తిరిగేసరికి అందరి మణికట్ల మీదా వాచీ అడుగంత నలుపలకల పుండు. కంపెనీ నర్సుకి చూపిస్తే పుస్తకంలో 'సబ్బు పడలేదు' అని రాసింది. యాభై మూడు మందికీ ఒకే చోట, ఒకే కొలతలో సబ్బు పడకపోవడం మీరెక్కడైనా విన్నారా?

పుండుకి ఒత్తుకోకుండా కింద పొడిగుడ్డ పెట్టి చూశాం. 'మనిషి లేరు'. ఒకరోజు నవ్వులక్క తడిగుడ్డ మడిచి పెట్టింది. వాచీ కాసేపు తటపటాయించి డెబ్బై రెండు చూపించింది.

"ఓసి దీని మొహం మండా! తడిగుడ్డకి కూడా ప్రాణం ఉందటే!" అని పడీపడీ నవ్వింది. "మా ఆయనకి నన్ను చూసినా మనిషని తోచదు. దీనికి తడిగుడ్డయినా చాలు."

ఆ రోజు నుంచి అందరం అదే పని. ఆమె నేర్పింది, మేం బతికాం.

ఆ ఉదయం ఆమె పుండు చీము పట్టింది. ఒంటిచేత్తో మడత కుదరడం లేదు. "ఒసే, నువ్వు కట్టవే" అంది. కట్టాను. నాలుగు మడతలు వేసి, జారకుండా గట్టిగా కట్టాను. "నీ చేతిలో ఏదో ఉందే, చల్లగా ఉంది" అని వెళ్ళింది. నాతో అన్న ఆఖరి మాట అది.

పదకొండు దగ్గర పడుతుంటే ఆమె చప్పుడు వినబడక నాకు అనుమానం వచ్చింది. "సార్, నవ్వులక్క కనబడట్లేదు" అన్నాను. సూపర్‌వైజర్ తల కూడా తిప్పలేదు.

"బోర్డు చూడు. పచ్చగా ఉందిగా? నీ పని నువ్వు చూసుకో."

నేను నా పని చూసుకున్నాను. అరగంట! పదకొండున్నరకి ఆరిన దుప్పట్లు రావడం లేదని వెతికితే, మిషను వెనక సందులో బోర్లా పడి ఉంది. మిషను అదురుకి ఆమె చెయ్యి కదులుతూనే ఉంది. వాచీ దృష్టిలో ఆమె పని చేస్తోంది. డాక్టరు చూసి, గుండె ఆగి అరగంట దాటిందన్నాడు. ఉక్కకి పడిపోయిందనీ, పడగానే ఎవరైనా చూసుంటే బతికేదనీ అన్నాడు. డాక్టరు రాకముందే నేను ఆ కట్టు విప్పి గుడ్డని జాకెట్లో దాచేశాను. అప్పుడు గానీ ముప్పై ఒకటి ఎర్రబడలేదు.

అప్పటి నుంచి వాచీ తీసేసినా నా మణికట్టు గుర్రుమంటూనే ఉంటుంది. బువ్వ తింటున్నా అంతే, నిద్రపోతున్నా అంతే. లేచి చూసుకుంటే అక్కడ పుండు తప్ప ఏమీ ఉండదు.

కంపెనీ ఇంటికి కాగితం పంపింది. పదకొండున్నర దాకా నాడి సక్రమంగా ఉందట, హఠాత్తుగా పోయిందట, కంపెనీ తప్పేమీ లేదట. పదిహేనో రోజున ఆమె పని కూతురికిచ్చారు. పెద్ద దయ! వాచీ కూడా అదే ఇచ్చారు. పట్టీకి మూడో కన్నం సాగి ఉంది. తల్లి పెట్టుకున్న కన్నమే పిల్లకీ సరిపోయింది. బోర్డులో ముప్పై ఒకటి మళ్ళీ పచ్చగా వెలిగేసరికి నా చేతిలో దుప్పటి జారిపోయింది.

నాలుగు రోజుల్లో ఆ పిల్ల చెయ్యి ఎర్రబడింది.

మధ్యాహ్నం బట్టలు మార్చుకునే గదిలో అందరం కూర్చున్నప్పుడు ఆ పిల్ల కాగితం తీసి అడిగింది.

"పిన్నీ, డాక్టరేమో అమ్మ గుండె పదకొండుకే ఆగిందన్నాడు. వీళ్ళేమో పదకొండున్నర దాకా నాడి ఉందని రాశారు. మరి ఆ అరగంటా కొట్టుకున్న నాడి ఎవరిది?"

గదిలో దొంగలకి తేలు కుట్టినట్టయింది. నెమ్మదిగా గుసగుసలు, ఆపైన గొడవ.

"చెబితే అందర్నీ పీకేస్తారు."

"కంపెనీని మోసం చేయబోయి తనే చచ్చిందంటారు. పోయినావిడ మీద నింద వేయిద్దామా?"

"చెప్పకపోతే రేపు ఇంకొకరు పడతారు. అప్పుడూ బోర్డు పచ్చగానే ఉంటుంది!"

బాయిలర్ దగ్గర పనిచేసే తాత గోడకానుకుని అంతా విన్నాడు. "చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అంటారు. నిజమే, మనవి కాలాయి. మరి ఆ పిల్లది ఇప్పుడేగా కాలుతోంది?" అన్నాడు.

ఇక నావల్ల కాలేదు. గుడ్డ తీసి ఆ పిల్ల ఒళ్ళో పెట్టాను.

"నేనే కట్టానే తల్లీ. నా చేతుల్తో కట్టాను. ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను."

ఆ పిల్ల నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఏడ్చినా బాగుండేది. గుడ్డని వాసన చూసింది. తన వాచీ విప్పింది.

"ఎలా కట్టావో చూపించు."

నాలుగు మడతలు వేశాను. తడిపి, చుట్టిన తువ్వాలు మీద పెట్టి వాచీ బిగించాను. డెబ్బై రెండు. ఆ పిల్ల దాన్ని చాలాసేపు చూసింది.

"తిలాపాపం తలా పిడికెడు. అందరం కట్టాం, అందరం చెబుదాం" అంది మూల నుంచి ఒకావిడ. ఈసారి ఎవరూ కాదనలేదు.

మర్నాడు పది గంటలకి నవ్వులక్క చావు మీద విచారణకి లేబరు ఆఫీసరు వచ్చాడు. యజమాని ఆయన్ని బోర్డు ముందు నిలబెట్టి గొప్పగా చూపిస్తున్నాడు. "చూడండి సార్. యాభై మూడు మందీ పనిలో ఉన్నారు, అందరి నాడీ బాగుంది. ఇంత జాగ్రత్త ఎవరు తీసుకుంటారు?"

ఆఫీసరు బోర్డు చూశాడు. తర్వాత గుమ్మం వైపు చూశాడు.

"మరి వీళ్ళెవరండీ?"

యాభై మూడు మందిమీ గుమ్మంలో ఉన్నాం, ఉత్తి చేతులు చాచి. అందరి చేతులకీ ఒకటే నలుపలకల పుండు, నవ్వులక్క కూతురికి ఇంకా ఎరుపే. వెనక ఇస్త్రీ బల్ల మీద యాభై మూడు తడి తువ్వాళ్ళు వాచీలు కట్టుకుని, వరసగా పడుకుని గుర్రుమంటూ ఉద్యోగం చేస్తున్నాయి.

"మోసం!" అని అరిచాడు యజమాని. "ఎవరు నేర్పారు మీకిది?"

"మీ వాచీయే నేర్పింది, అయ్యగారూ! తడిగుడ్డని మనిషంది, మనిషిని లేదంది. మా అక్క పడి ఉంటే బోర్డు చూసుకున్నారు. ఆ అరగంట కొట్టుకుంది ఈ గుడ్డ" అన్నాను. "ఆమెకి కట్టింది నేనే. రాసుకోండి."

ఆఫీసరు గుడ్డ చూడలేదు, పెన్ను తీయలేదు. యజమాని ఫోను తీశాడు. పోలీసులు మాత్రం పది నిమిషాల్లో వచ్చారు. ఒక కానిస్టేబులు నా మణికట్టు పట్టుకున్నాడు, సరిగ్గా పుండు మీద. ప్రాణం పోయినంత పనైంది.

"ఆ చెయ్యి కాదు నాయనా, అది కాలింది. ఈ చెయ్యి పట్టుకో."

అతను చటుక్కున వదిలేసి తన చేతికి అంటిన రసి చూసుకున్నాడు. ఈలోగా నవ్వులక్క కూతురు ముందుకొచ్చి తన చెయ్యి చాచింది.

"నాదీ పట్టుకో. ఇవాళ ముప్పై ఒకటికి గుడ్డ కట్టింది నేను."

"నాదీ" అన్నాడు బాయిలర్ తాత. "నాదీ, నాదీ" అంటూ అన్ని చేతులూ ముందుకొచ్చాయి. అతనికున్నవి రెండే చేతులు. ఎవర్ని పట్టుకుంటాడు?

వ్యాను చాలక నన్నొక్కదాన్నే ఎక్కించారు. కిటికీలోంచి వెనక్కి చూశాను. బోర్డు మీద ముప్పై ఒకటి పచ్చగా వెలుగుతూనే ఉంది. లోపల ఒక్క మిషనూ తిరగడం లేదు.