ఒసాకాలో తెర వెనక

జపాన్‌లో ఆల్బం మొదటి స్థానానికి చేరిందని తెలిసిన పొద్దున సియోల్ స్టూడియోలో కేక్ కోశారు. వారం తిరక్కుండానే రెండు లక్షల డిస్కులు అమ్ముడుపోయాయట. ‘దల్మురి’ పాటల జట్టులోని ఐదుగురు అమ్మాయిలూ ఒకరినొకరు వాటేసుకుని ఏడ్చారు. కంపెనీ డైరెక్టర్ తాక్ ఆపకుండా చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. మిర్యాంగ్ మాత్రం కాగితపు పళ్లెం పట్టుకుని గోడవారగా నిలబడింది.

ముప్ఫై నాలుగేళ్ల మిర్యాంగ్ పని, కొత్త పాటల్ని ముందుగా తాను పాడి అమ్మాయిలకు నేర్పడం. ఒకప్పుడు ఆమెదీ ఇలాంటి జట్టే. రెండు పాటలకే చెదిరిపోయింది. ఇప్పుడు జపాన్‌లో అందరూ తెగ మెచ్చుకుంటున్న మూడో పాట చివర, పైస్థాయిలో సాగే ఆ ఆలాపన నిజానికి ఆమెదే. రికార్డింగ్ వేళకు ప్రధాన గాయని యూన్‌సుల్ గొంతులో కాయలు లేచాయి. నెలన్నరపాటు నోరు విప్పొద్దన్నాడు డాక్టరు. విడుదల తేదీ అప్పటికే చెప్పేశారు. నమూనాకని మిర్యాంగ్ పాడిందాన్నే తాక్ ఉంచేశాడు. మిగతా నలుగురికీ ఆ సంగతి తెలియదు.

మెట్ల దగ్గర యూన్‌సుల్ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ పిల్లకు ఇరవై ఏళ్లు.

“అక్కా, ఒసాకాలో కచేరీ పెట్టారు. ఆ ముక్క నేనే పాడాలి. నేర్పవూ?”

“నీ గొంతింకా పచ్చిగానే ఉంది కదే.”

“ఐదు వారాల టైముందిగా. నా పేరు రాసి మరీ పొగుడుతున్నారక్కా. చదువుతుంటే దొంగతనం చేసినట్టుంది.”

రోజూ సాధన చేశారు. వేడి బార్లీ నీళ్లు తాగించి మళ్లీ మళ్లీ పాడించేది మిర్యాంగ్. ప్రతిసారీ ఒకే చోట గొంతు చీలిపోయేది. ఐదో వారం తాక్ వచ్చి, తలుపు దగ్గరే నిలబడి విన్నాడు.

“చాలు. నువ్వు పెదాలు కదుపు. మిర్యాంగ్ తెర వెనక నుంచి పాడుతుంది.”

“శ్రుతి ఒక మెట్టు దించి పాడతాను సార్.”

“వాళ్లు ఆ పై మెట్టు కోసమే వస్తున్నారమ్మా!”

యూన్‌సుల్ మిర్యాంగ్ వైపు చూసింది. తెర వెనక నేను పాడనని ఆమె ఒక్క మాట అంటే సరిపోయేది. మిర్యాంగ్ అనలేదు. నిండిన హాల్లో ఒక్కసారైనా పాడాలని పదిహేనేళ్లుగా ఉంది ఆమెకు. తల దించుకుని నోట్సు కాగితాలు సర్దుకుంది.

ఒసాకాలో నల్లగుడ్డ వెనక, చిన్న టీవీ తెరలో ఆ పిల్ల పెదాలు చూస్తూ మిర్యాంగ్ పాడింది. జన్మలో అంత బాగా పాడలేదు. వేల మంది ఒక్కపెట్టున హోరెత్తారు. ఒళ్లు ఝల్లుమంది. “యూన్‌సుల్! యూన్‌సుల్!” అన్న కేకలు ఆ తర్వాతే చెవికెక్కాయి. తెరలో ఆ పిల్ల, పాట అయిపోయినా మైకు దించడం మరిచిపోయి, నోటి దగ్గరే పట్టుకుని నిలబడి ఉంది.

ఆ తర్వాత యూన్‌సుల్ సాధనకు రావడం మానేసింది. ఆకులు రాలే రోజుల్లో, ఆరోగ్యం బాగాలేక జట్టు నుంచి తప్పుకుంటోందని కంపెనీ ప్రకటించింది. సొంతూరు సున్‌చన్ వెళ్లే బస్సు దగ్గరికి మిర్యాంగ్ కింబాప్ పొట్లం కట్టించుకుని వెళ్లింది.

“దారిలో తిను. పొద్దుట్నుంచీ ఏమీ తినుండవు.”

యూన్‌సుల్ పొట్లం అందుకుంది.

“ఆ రోజు నేను పాడనని అనుంటే...” అని మొదలుపెట్టింది మిర్యాంగ్.

“వద్దక్కా. చాలా బాగా పాడావు. నువ్వు చెడగొట్టి ఉన్నా నాకింత బాధ ఉండేది కాదు. కొన్నాళ్లు నాకు ఫోన్ చెయ్యకు, ఏమనుకోకు.”

బస్సు కదిలింది. ఆ పిల్ల కిటికీలోంచి చూడలేదు. మిర్యాంగ్ కాసేపు బస్టాండు బెంచీ మీద కూర్చుంది. మూడింటికి రికార్డింగ్ ఉంది, యూన్‌సుల్ బదులు తీసుకున్న కొత్తమ్మాయికి పాట నేర్పాలి. లేచి మెట్రో వైపు నడిచింది.