పెరడు సాగిన ఏడు

చలి తగ్గి ఎండ గోడ దిగిందంటే ఆ ఇంట్లో పెరటి పని మొదలు. టైలరమ్మ ఎండుటాకులు ఊడ్చి మూలకి నెట్టేది. బస్సు డ్రైవరైన ఆమె మొగుడు ఎండిన గులాబీ కొమ్మలు కత్తిరించి, టొమాటోల కోసం మట్టి తిరగేసేవాడు. తవ్విన మూడో రోజుకి పెరడు కాస్త సాగేది. జానెడు, మహా అయితే మూరెడు. పక్కింటి గోడ ఉన్నచోటే ఉండేది, వెనక సందూ ఇరుకయ్యేది కాదు. అందుకే కంచె తీగ ఓ చుట్ట ఎక్కువే తెచ్చి ఉంచుకునేవాళ్ళు. మున్సిపాలిటీ కొలతలాయన ఏటా టేపు పట్టుకొచ్చి, కొలిచి రాసుకుని, మంచినీళ్ళు తాగి వెళ్ళేవాడు.

ఈ ఏడు టైలరమ్మకి చీపురు మీద ధ్యాస లేదు. బజారులో ఆమె కుట్టుకునే కొట్టు నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. ఇంట్లో ఉన్నవి రెండు గదులు. ఒకదాన్లో అత్తగారి మంచం, రెండోదాన్లో మిగతా సంసారమంతా. మిషను ఎక్కడ పెడుతుంది? బట్టల ఫ్యాక్టరీలో అడిగితే రమ్మన్నారు. పొద్దున ఆరింటికి వెళ్తే చీకటి పడ్డాకే రావడం. రోజంతా కాలర్లే కుట్టాలి, చొక్కా మొహం చూసే పనే లేదు. సరేనని మిషను అమ్మకానికి పెట్టింది.

అత్తగారికి మాత్రం చెప్పలేదు. మామగారు పోయిన దగ్గర్నుంచీ, నాలుగేళ్ళుగా ఆవిడ పెరట్లోకే దిగలేదు. అంతకుముందు తవ్వే పని ఆవిడదే.

ఆదివారం డ్రైవరు పార పట్టాడు. కాసేపటికి అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అదేం తవ్వడంరా? స్టీరింగు తిప్పినట్టు తిప్పుతున్నావు. ఇటివ్వు."

"నడుం పట్టేస్తుందమ్మా."

"పడితే పట్టనీ. నా నడుమే కదా."

మూడు పొద్దులు ఆవిడే తవ్వింది. రెండు పార్లు వేసి, ఊపిరి తీసుకుని, మట్టితో ఏదో గొణిగి, మళ్ళీ రెండు పార్లు. వెనకాలే కోడలు గడ్డలు చిదుపుతూ, వేర్లు ఏరుతూ నడిచింది. మూడోనాడు అత్తగారు వెనక్కి తిరక్కుండానే అంది.

"మిషను చూడ్డానికి ఎవరో వచ్చారటగా?"

టైలరమ్మ చేతిలో ఉన్న గడ్డని చిదిపింది. "మిమ్మల్ని బాధపెట్టడం ఎందుకని చెప్పలేదత్తయ్యా."

"చెప్పకపోతే బాధ ఉండదా?" అంది ఆవిడ. "ఆ రాయి తీసి అవతల పడెయ్యి."

మర్నాడు పొద్దున చెత్త పారెయ్యడానికి వెళ్ళిన టైలరమ్మ గంపతో అలాగే నిలబడిపోయింది. గులాబీ మొక్క దాటాక నిన్నటిదాకా కంచె ఉన్నచోట కొత్త నేల, నల్లగా, తడిగా, ఒక్క కలుపు మొక్క కూడా లేకుండా పరుచుకుని ఉంది.

డ్యూటీకి బయల్దేరుతూ మొగుడు తొంగిచూశాడు. "బాబోయ్, చుట్ట తీగ ఏం చాలుతుంది! ఇక్కడంతా టొమాటోలు వేస్తే..."

"నువ్వు బస్సుకి వెళ్ళు" అంది వాళ్ళమ్మ.

కాసేపటికి వచ్చిన కొలతలాయన ఒకటికి రెండుసార్లు టేపు పరిచాడు. "పన్నెండడుగులు. ఏం రాయమంటారు? తోటనా, ఖాళీ స్థలమనా?"

"కుట్టుగది అని రాయి నాయనా" అంది అత్తగారు.

టైలరమ్మ గంప దించి, కొంగుతో మొహం తుడుచుకుని, ఆయనకి మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది.

నెలాఖరుకి నాలుగు గోడలు లేచాయి, పైన రేకులు పడ్డాయి. మిషను కొట్టులోంచి తిన్నగా అక్కడికే వచ్చింది. బజారులో కుట్టించుకునేవాళ్ళు వెనక సందులోంచి రావడం అలవాటు చేసుకున్నారు. కిటికీ కింద చిక్కుడు పాదు మొలిచింది. అత్తగారు పొద్దుటి పూట వచ్చి, కుట్టేసిన బట్టల్లో పోగులు తీస్తూ కూర్చునేది.

ఒకరోజు సూదిలో దారం ఎక్కిస్తూ కోడలు అడిగింది. "నేలని ఏమని బతిమాలారత్తయ్యా?"

"బతిమాలడమేంటి? కొలతలు చెప్పాను" అంది ఆవిడ. "మిషనుకీ బల్లకీ ఆరు. నువ్వు కాళ్ళు చాపుకోడానికి నాలుగు. నేను కూర్చోడానికో రెండు."