వెనక తలుపు తాళం

ఆసుపత్రి పని ఆవిడకు ఇంటిపనిలాగే అలవాటైపోయింది. పొద్దున్నే మొగుడి వీపు తట్టాలి, మందు ఆవిరి పట్టాలి, ప్లాస్టిక్ డబ్బాలో బంతులు పైకి లేచేలా గాలి పీల్పించాలి. అప్పుడతను దగ్గుతాడు. నోట్లోంచి నల్లటి పొగ వస్తుంది. ఆయా విసుక్కుంటూ కిటికీ తెరిచి పొగను బయటికి తోలుతుంది.

"పో తల్లీ, పో. నిన్ననేగా గోడలు తుడిచాను!"

పరుపుల కార్ఖానా తగలబడ్డ రోజు అతను తన కాళ్ళమీదే ఇంటికొచ్చాడు. మొహానికి తడిగుడ్డ కట్టుకున్నానుగా, నాకేం కాలేదన్నాడు. స్పాంజి కాలిన పొగకు తడిగుడ్డ ఒక లెక్కా? తెల్లారేసరికి పెదాలు నీలంగా మారాయి. ఆక్సిజన్, గొట్టాలు, ఇంజెక్షన్లు అన్నీ అయ్యాక డాక్టరమ్మ మందుల చీటీ రాస్తూ చెప్పింది.

"ఊపిరితిత్తుల్లో వాపు తగ్గింది. పొగే మిగిలింది. అది ఎవరిదో వాళ్ళకి చేరాలి. అందాకా తిరిగొచ్చి ఈయన్లోనే దూరుతుంది."

ఎవరిదో ఆవిడకు తెలియదా? వెనక తలుపుకు తాళం ఉండబట్టేగా అతను పొగలో చిక్కుకుంది. ఆ తాళం వేయించింది కార్ఖానా యజమాని. పనివాళ్ళు స్పాంజి ముక్కలు ఒంటికి చుట్టుకుని పట్టుకుపోతారని ఆ మహానుభావుడి భయం. అందుకే ఆయన చూడ్డానికొస్తున్నాడని తెలియగానే ఆవిడ కిటికీ గట్టిగా బిగించేసింది.

యజమాని వచ్చాడు. వెనకే పళ్ళ సంచి మోసుకుంటూ ఆవిడ అన్నయ్య. కార్ఖానాలో సూపర్‌వైజరు. మొగుడు ఖాళీగా తిరుగుతున్నప్పుడు ఆ పనిలో పెట్టించి, చెల్లెలి కాపురం నిలబెట్టినవాడు.

"ఎలా ఉంది బావా?" అన్నాడు.

అతను జవాబు చెప్పబోయి దగ్గాడు. పొగ లేచి యజమాని చుట్టూ ఒక చుట్టు తిరిగింది. దూరు, దూరు అనుకుంది ఆవిడ కసిగా. పొగ ఆయన్ని దాటేసి అన్నయ్య నోట్లోకి వెళ్ళిపోయింది.

"తాళం వేయమన్నది ఈయన కదా అన్నయ్యా!"

"వేసింది నేనేనమ్మా," అన్నాడతను. ఆ తర్వాత దగ్గు అతన్ని మాట్లాడనివ్వలేదు. ఉన్నచోటే కూలబడ్డాడు.

యజమాని రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "జాగ్రత్తగా చూసుకోండి," అని వెళ్ళిపోయాడు. ఎవరిని చూసుకోమన్నాడో చెప్పలేదు.

ఆవిడ నేలమీద కూర్చుని అన్నయ్య తల ఒళ్ళో పెట్టుకుంది. డాక్టరమ్మ కోసం కేకలు పెట్టింది. మంచం మీద మొగుడు హాయిగా, గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"ఆకలేస్తోందే," అన్నాడు.

ఆ మాట కోసమే ఆవిడ ఇన్నాళ్ళూ కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చుంది. ఇప్పుడు అతని గొంతు వింటుంటే ఒళ్ళు మండిపోయింది.