లింగమూర్తి కాక కళ్ళు

పదిహేనేళ్ళుగా గోదావరిఖనిలో ఫోటోలు తీస్తున్నాను. నా కెమెరా ముందు ఒక్కసారైనా కళ్ళు తెరవని మనిషి లింగమూర్తి కాక ఒక్కడే. ఆయన కూతురి పెళ్ళికి రెండొందల ఫోటోలు తీశాను. అన్నింట్లోనూ పెళ్ళికూతురి తండ్రి నిలబడి నిద్రపోతున్నాడు. పరువు పోయింది మాత్రం నాది.

మొన్న కాక బొగ్గుబాయి నుంచి రిటైరయ్యాడు. ఆయన భార్య సారవ్వ నన్ను క్వార్టరుకు పిలిపించింది.

"ఖైజర్, మా పెండ్లి ఫోటోల గూడ గీయన కండ్లు మూసుకునే ఉన్నడు. కండ్లు తెరిసింది మా ఇద్దరిది ఒక్కటన్న కావాలె. లేకుంటె మళ్ళ నీ మొఖం సూడ."

"నేనేం జేద్దు?" అన్నాడు కాక. "బాయిల ఎవని నెత్తిమీది లైటన్న కండ్లల్ల పడితె కొద్దిసేపు ఏం అగుపడది. అందుకే లైటు మెరిస్తె చాలు, కండ్లు మూసుకుంటయి. ముప్పై ఎనిమిదేండ్ల అలవాటాయె."

అప్పటిగ్గాని నా బుర్రకు తట్టలేదు, తప్పంతా నా ఫ్లాష్‌దని. దాన్ని ఊడబీకి సంచిలో పడేశాను. ఇద్దరినీ తలుపు పక్కన కుర్చీల్లో కూర్చోబెట్టాను.

"తలుపుల నుంచి వచ్చే ఎలుగే చాలు. కాని ఎలుగు తక్కువ గదా, ఫోటో పడనీకి ఒక సెకను పడ్తది. ఆ సెకను కదలొద్దు."

అంతలో కాకతో పనిచేసినవాళ్ళు ఏడుగురు దండలు పట్టుకొని వచ్చి గుమ్మం నిండా నిలబడ్డారు. గది చీకటైంది.

"జరగుండ్రి అన్నా, ఎలుగు సాల్తలేదు!" అని అరిచాను.

బాయి మనుషుల దగ్గర అనకూడని మాట అది. ఒక్కడూ జరగలేదు. ఏడుగురూ ఫోన్లు తీసి, టార్చిలు వేసి, బాయిలో పైకప్పు పరీక్షించినంత శ్రద్ధగా కాక ముఖం మీదికి పట్టారు. కాక కళ్ళు టక్కున మూసుకున్నాయి.

"ఇప్పుడు మంచిగున్నదా?" అన్నాడు ముందున్న ఆగయ్య.

నాకు ఒళ్ళు మండింది. సారవ్వకు అంతకంటే మండింది. లేచి ఏడుగురినీ వాకిట్లోకి తోలి, వచ్చి కూర్చుంది. నేను నొక్కాను.

చూస్తే కాక కళ్ళు! రెండూ తేటగా, నిండుగా తెరుచుకున్నాయి. ఎగిరి గంతేద్దామనుకున్నాను. కానీ పక్కన సారవ్వకు ముఖం లేదు. ఆయన కళ్ళు తెరిచాడో లేదోనని సరిగ్గా ఆ సెకనులోనే అటు తిరిగింది. ఫోటోలో కొప్పూ, ఒక చెవికమ్మా మాత్రమే పడ్డాయి, అవీ చెదిరిపోయి.

"ఇంకోటి తీస్త చిన్నమ్మా."

ఆమె కెమెరా అందుకుని ఫోటో చూసింది. "అద్దు. దీన్నే పెద్దగ చేసి ఫ్రేం కట్టు."

"నీ మొఖం పడలే గదా!"

"బాయికి పోయిన మనిషి ఎప్పుడొస్తడా అని గీయన దిక్కు సూసుడే గదా ఇన్నేండ్లు నా పని. గది పడ్డది, చాలు."

 ఈసారి కాక ఏ లైటూ మెరవకుండానే కళ్ళు మూసుకున్నాడు.